టీమిండియా టెస్టు ఇన్నింగ్స్‌లలో కుర్రాళ్లకు ఏవి చూపించాలి? వాటిలో ఏం చూడమనాలి?

నెట్‌బౌలర్

పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లకు వారానికో పాత ఇన్నింగ్స్ చూపించి, దాని మీద ఓ గంట మాట్లాడించాలని ఆలోచన. టీమిండియా ఆడిన టెస్టులే. చిక్కంతా హైలైట్స్‌తోనే వస్తోంది. ఏ వీడియో పెట్టినా ఫోర్లు, సిక్సర్లు, సెంచరీ కాగానే బ్యాటెత్తడం, అంతే. 2001 కోల్‌కతా చూశాక వాళ్ల నోట వచ్చే మాట "లక్ష్మణ్ భలే కొట్టాడు సార్". ఎందుకు కొట్టగలిగాడు, అవతల ద్రావిడ్ ఏం చేస్తున్నాడు, మ్యాచ్ గెలవడానికి ఆ పరుగులు ఏ వేగంతో రావాల్సి వచ్చింది, ఇవేవీ బుర్రకెక్కట్లేదు.

ఐదారు ఇన్నింగ్స్ చెప్పండి. ఒక్కో దాంట్లో ఏం గమనించమనాలో కూడా చెప్పండి. ఓడిపోయినవైనా, గెలవాల్సింది డ్రాగా ముగిసినవైనా పర్వాలేదు. సెహ్వాగ్ 319, కరుణ్ నాయర్ 303 లాంటివి మాత్రం వద్దు. బ్యాటింగ్ పిచ్ మీద భారీ స్కోరు చూసి వీళ్లు నేర్చుకునేది తక్కువ.

స్కోర్‌బుక్

కోల్‌కతాతోనే మొదలుపెట్టండి, కానీ వీడియో ముందు పెట్టకండి. ముందు స్కోరుకార్డు చేతికివ్వండి, అంకెలు వాళ్లతోనే వేయించండి. వీడియో చివరి ఇరవై నిమిషాలకు చాలు.

ఆస్ట్రేలియా 445. మనం 171కి ఆలౌట్, అందులో లక్ష్మణ్‌వి 59. ఫాలోఆన్. అంటే 274 వెనకబడి మళ్లీ బ్యాటింగ్. రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్‌ను ఆరు నుంచి మూడుకు పంపారు, ద్రావిడ్‌ను మూడు నుంచి ఆరుకు దించారు. ఈ ఒక్క మార్పు మీదే పదిహేను నిమిషాలు మాట్లాడించొచ్చు. మొదటి ఇన్నింగ్స్‌లో బంతి ఎవరి బ్యాట్‌కు సరిగ్గా తగులుతోందో చూసి వాణ్ని పైకి పంపారు. పేరును బట్టి పంపలేదు.

52/1, 97/2, 115/3, 232/4. గంగూలీ 48కి వెనుదిరిగేసరికి మనం ఇంకా 42 వెనకే. మూడో రోజు ఆట ముగిసేసరికి 254/4, లక్ష్మణ్ 109, ద్రావిడ్ 7. నాలుగో రోజు సాయంత్రానికి 589/4, లక్ష్మణ్ 275, ద్రావిడ్ 155. రోజంతా వికెట్ లేదు, 335 పరుగులు. ఇక్కడ ఆపి ఒక ప్రశ్న వేయండి: ఆ రోజు ఎవరెన్ని కొట్టారు? లక్ష్మణ్ 166, ద్రావిడ్ 148. తేడా పద్దెనిమిది. "లక్ష్మణ్ కొట్టాడు, ద్రావిడ్ నిలబడ్డాడు" అని జనంలో స్థిరపడిన మాటకూ ఈ అంకెలకూ పొంతన లేదు. ద్రావిడ్ మొదట్లో నెమ్మదిగా ఆడిన మాట నిజం. కుదురుకున్నాక ఇద్దరూ దాదాపు సమానంగా సాగారు. అందుకే ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా ఒక ఎండ్ బిగించి, ఇంకో ఎండ్ నుంచి వికెట్ కోసం ప్రయత్నించే వీలు లేకపోయింది. ఆ ఇన్నింగ్స్‌లో తొమ్మిది మంది బౌలింగ్ చేశారు. చేయనివాళ్లు స్టీవ్ వా, గిల్‌క్రిస్ట్ మాత్రమే.

రెండో లెక్క వేగానిది. 178 ఓవర్లలో 657/7 డిక్లేర్డ్, ఓవర్‌కు దాదాపు 3.7. అవే 178 ఓవర్లు ఓవర్‌కు మూడు చొప్పున ఆడి ఉంటే 534 వచ్చేవి, ఆధిక్యం 260. అంత తక్కువ లక్ష్యానికి 75 ఓవర్లు వదిలి ఐదో రోజు డిక్లేర్ చేసే ధైర్యం ఏ కెప్టెన్‌కూ ఉండదు. 384 లక్ష్యం పెట్టగలిగారు కాబట్టే హర్భజన్ బౌలింగ్‌కు బ్యాటర్ చుట్టూ క్యాచర్లను మోహరించగలిగారు. ఆస్ట్రేలియా 166/3 నుంచి 174/8కి కూలింది, 212కి ఆలౌట్. మనం 171 పరుగులతో గెలిచాం. ఫాలోఆన్ ఆడి గెలవడం టెస్టు చరిత్రలో అది మూడోసారి మాత్రమే. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన జట్టు మీద. హర్భజన్ ఆరు వికెట్ల వెనక ఆ 3.7 ఉందని కుర్రాళ్లకు తెలియాలి.

ఇక వీడియోలో చూడాల్సింది లెగ్‌స్పిన్నర్ వార్న్ బౌలింగ్. 34 ఓవర్లు, 152 పరుగులు, ఒక వికెట్. లెగ్‌స్టంప్ అవతల రఫ్‌లో, అంటే బౌలర్ల కాళ్లు పడి గరుకైన చోట, బంతి వేస్తున్నాడు. అక్కడ పడ్డ బంతికి ఎల్బీ లేదు కాబట్టి ప్యాడ్‌తో ఆపేస్తే సరిపోతుంది, చాలామంది అదే చేస్తారు. లక్ష్మణ్ అలా చేయలేదు. బంతి గాల్లోకి లేస్తే రెండడుగులు ముందుకు దూకి, పడిన చోటే అందుకుని, మణికట్టు తిప్పి మిడ్‌వికెట్‌కు నేలబారుగా పంపాడు. దాదాపు అదే లైన్‌లో వచ్చిన ఇంకో బంతికి లెగ్‌సైడ్‌కు కాస్త జరిగి కవర్స్ మీదుగా ఇన్‌సైడ్ అవుట్ డ్రైవ్ కొట్టాడు. ఒకే లైన్‌లో వచ్చే బంతిని రెండు వైపులా కొట్టేవాడికి ఫీల్డింగ్ పెట్టడం అసాధ్యం. మిడ్‌వికెట్‌కు మనిషిని పంపితే కవర్ ఖాళీ, కవర్‌కు పంపితే మిడ్‌వికెట్ ఖాళీ.

వీళ్లు దాన్ని అనుకరించబోయి ఎక్కడ దెబ్బతింటారో కూడా ముందే చెప్పండి. బంతి పడిన చోటుకు చేరకుండా సగం దూరంలో ఆగి మణికట్టు తిప్పితే లీడింగ్ ఎడ్జ్, కవర్‌కో బౌలర్‌కో క్యాచ్. అడుగులు వేసి తల వెనకే ఉండిపోతే బంతి గాల్లోకి లేస్తుంది. అడుగులు వేశాక బంతి అందదనిపిస్తే షాట్ మానేసి ప్యాడ్ అడ్డం పెట్టాలి. ఈ మూడో ఆప్షన్ చేతకానివాడు ముందుకు దూకకపోవడమే మంచిది.

మణికట్టు

స్కోర్‌బుక్ గారు చెప్పింది బాగుంది గానీ, ఆ వయసు వాళ్లకు కోల్‌కతా కంటే అడిలైడ్ 2003 ముందు చూపించాలని నా ఓటు. కోల్‌కతాలో లక్ష్మణ్ కొట్టిన 281లో సగం షాట్లు ఆ ఒక్క మనిషికే సాధ్యం. అడిలైడ్‌లో ద్రావిడ్ 233 చూసి మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆస్ట్రేలియా 556 కొడితే మనం 85/4. మళ్లీ అదే జోడీ 303 జోడించింది, లక్ష్మణ్ 148. అయితే అసలు విషయం లక్ష్మణ్ అవుటయ్యాక ఉంది. ద్రావిడ్ ఆఖరి వికెట్‌గా అవుటయ్యేదాకా ఆడాడు, స్కోరు 523. అంటే లోటు 33 మాత్రమే. లోటు వంద దాకా ఉండి ఉంటే అగార్కర్ 6/41 తీసి వాళ్లను 196కి పడగొట్టినా లక్ష్యం మూడొందలకు దగ్గరయ్యేది. మనకు 230 సరిపోయింది, 233/6తో గెలిచాం. అక్కడా ద్రావిడ్ 72 నాటౌట్. టెయిలెండర్లతో కలిసి తెచ్చిన పరుగులకు నాలుగో ఇన్నింగ్స్‌లో ఎంత విలువో దీన్ని మించి చూపించేది లేదు.

దాని పక్కనే 2004 సిడ్నీ పెట్టండి. అంతకుముందు ఐదు ఇన్నింగ్స్‌లలో సచిన్ స్కోర్లు 0, 1, 37, 0, 44. ఆఫ్‌స్టంప్ అవతల బంతిని వెంటాడి దెబ్బతింటున్నాడని అందరికీ తెలుసు. సిడ్నీలో కవర్ డ్రైవ్ పూర్తిగా పక్కన పెట్టేసి 436 బంతుల్లో 241 నాటౌట్. ఆఫ్‌స్టంప్ అవతల బంతిని వదిలేస్తూ పోతే బౌలర్లే విసిగి స్టంప్స్ మీదకు వస్తారు, అప్పుడు లెగ్‌సైడ్ ఆడుకోవచ్చన్నది లెక్క. కుర్రాళ్లకు కాగితం ఇచ్చి, ఒక అరగంట ఫుటేజీలో వదిలేసిన బంతులు లెక్కపెట్టమనండి. కొట్టినవి వద్దు, వదిలేసినవే.

రెండో కొత్త బంతి

ఛేదనలు లేకుండా ఈ జాబితా అసంపూర్తి. నా సలహా, నాలుగు ఛేదనలను ఒకే పద్ధతిలో చూపించండి. బోర్డు మీద మూడే గడులు: ఇంకా కావాల్సిన పరుగులు, మిగిలిన ఓవర్లు, చేతిలో వికెట్లు. ప్రతి విరామం దగ్గర వీడియో ఆపి, ఇప్పుడు గెలుపు కోసం ఆడాలా, డ్రాకా, ఎవర్ని పంపాలి అని అడగండి. వాళ్లు చెప్పాక అసలేం జరిగిందో చూపించండి.

మొదట ఇంగ్లాండ్ మీద 1979 ఓవల్. ఎందుకంటే ఇది గెలవలేదు. లక్ష్యం 438. గవాస్కర్ 221, చౌహాన్ 80, మొదటి వికెట్‌కు 213. ఆఖరి 20 ఓవర్లు మొదలయ్యేసరికి 328/1, కావాల్సింది 110. స్కోరు 366/1 దాకా అంతా సవ్యంగానే ఉంది, 72 కొడితే చాలు. అక్కడ వెంగ్‌సర్కార్ అవుటయ్యాడు. నాలుగో స్థానంలో కపిల్‌ను పంపారు, ఆలోచన తెలిసిందే, రెండు సిక్సర్లు పడితే పని తేలికవుతుందని. కపిల్ సున్నా. తర్వాత యశ్‌పాల్, ఆ తర్వాత గానీ విశ్వనాథ్ రాలేదు. 389 దగ్గర గవాస్కర్ అవుటయ్యేసరికి ఇంకా 49 కావాలి, క్రీజులో కుదురుకున్నవాడు లేడు. చివరికి 429/8, తొమ్మిది పరుగుల దూరంలో డ్రా.

పొరపాటు ఎక్కడన్నది మీ వాళ్లే పట్టుకుంటారు. ఓవర్‌కు ఐదారు కావాల్సి, ఫీల్డర్లంతా బౌండరీ దగ్గర ఉన్నప్పుడు దొరికేవి సింగిల్స్, రెండేసి పరుగులు. అవి తీయడంలో విశ్వనాథ్‌ను మించినవాడు ఆ జట్టులో లేడు. వెనక్కి విస్తరించిన ఫీల్డింగ్‌కు సిక్సర్లు కొట్టేవాణ్ని పంపడమంటే బౌలర్‌కు క్యాచ్ ఇచ్చినట్టే. కపిల్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు, పంపిన సమయం అది కాదు. ఫీల్డర్లు దగ్గరగా ఉన్నప్పుడు పంపి ఉంటే కథ వేరు.

దానికి మూడేళ్ల ముందు, 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 403 ఛేదించిన జట్టులో గవాస్కర్, విశ్వనాథ్ ఇద్దరూ ఉన్నారు. గవాస్కర్ 102, మొహిందర్ అమర్‌నాథ్ 85, విశ్వనాథ్ 112, బ్రిజేష్ పటేల్ 49 నాటౌట్, స్కోరు 406/4. ఇక్కడ విశ్వనాథ్ నాలుగో స్థానంలోనే ఆడాడు. పడ్డ నాలుగు వికెట్లలో రెండు రనౌట్లు, అంటే చివర్లో కూడా పరుగుల కోసమే పరిగెత్తారు. వెస్టిండీస్ కెప్టెన్ లాయిడ్ ముగ్గురు స్పిన్నర్లతో దిగి ఓడిపోయి, ఆ తర్వాత నలుగురు పేసర్ల దారి పట్టాడు. ఫుటేజీ పెద్దగా దొరకదు, స్కోరుకార్డుతో సరిపెట్టుకోండి.

మూడోది 2008 చెన్నై, ఇంగ్లాండ్ మీద 387. ఇక్కడ చూడాల్సింది సచిన్ 103 నాటౌట్ కాదు, నాలుగో రోజు సాయంత్రం సెహ్వాగ్ 68 బంతుల్లో 83. ఆ సాయంత్రం సుమారు 30 ఓవర్లలోనే 131/1. ఐదో రోజుకు మిగిలింది 256, ఓవర్‌కు మూడు కూడా అక్కర్లేదు. అదే సాయంత్రం మామూలుగా ఆడి 80, 90 దగ్గర ఆగి ఉంటే ఐదో రోజు బంతి తిరిగే పిచ్ మీద 300 కావాలి, అప్పుడు సగం మంది డ్రా కోసమే చూస్తారు. ఇంకో లాభం కూడా ఉంది. సెహ్వాగ్ కొట్టిన దెబ్బకు ఫీల్డర్లు వెనక్కి వెళ్లారు. మర్నాడు 224/4 దగ్గర సచిన్, యువరాజ్ కలిశాక రిస్క్ లేకుండా సింగిల్స్ దొరికాయి, 163 అజేయ భాగస్వామ్యం. ఎడమచేతి స్పిన్నర్ పనేసర్ ఓవర్ ది వికెట్ వచ్చి లెగ్‌స్టంప్ బయట రఫ్‌లో వేస్తుంటే సచిన్ ప్యాడిల్ స్వీప్‌లు ఎలా ఆడాడో తప్పకుండా చూపించండి.

ఇక 2021 గబ్బా (బ్రిస్బేన్). 1988 తర్వాత ఆస్ట్రేలియా అక్కడ ఓడలేదు. ఐదో రోజు పొద్దున 4/0, కావాల్సింది 324. లంచ్‌కు 83/1, టీకి 183/3. అంటే మొదటి సెషన్‌లో 79, రెండో సెషన్‌లో 100. టీ తర్వాత 37 ఓవర్లలో 145. చివరికి 97 ఓవర్లలో 329/7. పుజారా 211 బంతుల్లో 56. "ఇంత నెమ్మదిగా ఆడి ఓడించేవాడు" అని మీ వాళ్లలో ఒకడైనా అంటాడు చూడండి. అప్పుడు అవతలి ఎండ్ చూపించండి. గిల్ 146 బంతుల్లో 91, స్టార్క్ ఒకే ఓవర్లో 20 ఇచ్చాడు. వాళ్లిద్దరి భాగస్వామ్యం 114. పుజారా కమిన్స్, హేజిల్‌వుడ్ ఓవర్లు మింగేశాడు, 80 ఓవర్ల తర్వాత దొరికే రెండో కొత్త బంతి తీసుకునేదాకా నిలబడ్డాడు. కొత్త బంతితో కమిన్స్ అతణ్ని అవుట్ చేసేసరికి స్కోరు 228, మిగిలింది సరిగ్గా వంద, పంత్ కుదురుకుని ఉన్నాడు. 89 నాటౌట్. పుజారా అవుటైనప్పుడు కొత్తగా వచ్చేవాడి మీద పడే భారం ఎంత తగ్గిందో లెక్క వేయించండి.

ఒక హెచ్చరిక. పుజారా ఒంటి మీద అన్ని దెబ్బలు తిన్నది కావాలనే. షార్ట్ బంతికి చేతులు పైకెత్తితే గ్లవ్‌కు తగిలి షార్ట్ లెగ్‌కో గల్లీకో క్యాచ్ పోతుంది, అందుకని చేతులు కిందికి దించి ఒంటికి తగలనిచ్చాడు. సూత్రం సరైనదే. కానీ పిల్లలు దీన్ని నెట్స్‌లో అనుకరించకూడదు. చేతులు దించడం టెన్నిస్ బంతితో నేర్పండి, చెస్ట్‌గార్డ్, ఆర్మ్‌గార్డ్ లేకుండా అసలు వద్దు.

నెట్‌బౌలర్

మూడు గడుల బోర్డు ఆలోచన చాలా బాగుందండీ, ఓవల్‌తోనే మొదలుపెడతాను. రెండు సందేహాలు. రఫ్ గురించి ఇద్దరూ ప్రస్తావించారు, దాన్ని నెట్స్‌లో ఎలా తయారుచేయాలి? మాది మామూలు టర్ఫ్ వికెట్. రెండోది, డ్రా కోసం ఆడిన ఇన్నింగ్స్ ఒకటైనా ఉండాలి కదా. ఈ కాలం పిల్లలకు డ్రా అంటేనే చిన్నచూపు.

బ్యాట్‌ప్యాడ్

రఫ్ సంగతి నేను చెబుతా. దీనికి సరైన ఉదాహరణ ఆస్ట్రేలియా మీద 1998 చెన్నై. మొదటి ఇన్నింగ్స్‌లో సచిన్ 4 పరుగులకే వార్న్‌కు దొరికాడు. రెండో ఇన్నింగ్స్‌లో 191 బంతుల్లో 155 నాటౌట్. మనం 71 వెనకబడి, 418/4 దగ్గర డిక్లేర్ చేసి 179తో గెలిచాం. సిరీస్‌కు ముందు సచిన్ లెగ్‌స్టంప్ బయట పిచ్‌ను గీకించి, లక్ష్మణ్ శివరామకృష్ణన్‌తో ఓవర్లకొద్దీ ఆ గరుకు మీదే వేయించుకుని సాధన చేశాడు.

ఎక్కడ గీకాలన్నది చాలామంది తప్పు చేస్తారు. బౌలర్ ఫాలో త్రూలో పిచ్ మధ్య భాగం తొక్కకూడదని నిబంధన. పాపింగ్ క్రీజుకు 5 అడుగుల ముందు నుంచి, మధ్య స్టంప్ గీతకు అటూ ఇటూ ఒక్కో అడుగు ప్రమాద ప్రాంతం. కాబట్టి అసలు రఫ్ దానికి బయటే పడుతుంది. మూడు స్టంప్‌ల వెడల్పు 9 అంగుళాలు, అంటే మధ్య గీత నుంచి లెగ్‌స్టంప్ అంచుకు నాలుగున్నర. కనుక రఫ్ లెగ్‌స్టంప్‌కు కనీసం ఏడెనిమిది అంగుళాల బయట మొదలవ్వాలి. లెగ్‌స్టంప్‌ను ఆనుకుని గీకితే మీ పిల్లలు మ్యాచ్‌లో రాని బంతికి సాధన చేసినట్టు. పొడవు క్రీజుకు 4 అడుగుల దూరం నుంచి 9 అడుగుల దాకా చాలు. స్పైకులతో తొక్కించి, వదులైన మట్టి ఊడ్చేయకుండా అలాగే ఉంచండి. టర్ఫ్ పాడవుతుందని గ్రౌండ్స్‌మన్ గొడవ పెడితే చివరి నెట్‌లో ఒక్క చోట చేయండి.

ముప్పై బంతులు చాలు. మొదటి పదీ ప్యాడ్‌తోనే. బ్యాట్ ప్యాడ్ వెనక దాచాలి, కాళ్ల వెనక నుంచి బౌల్డ్ కాకుండా వెనక కాలు లెగ్‌స్టంప్‌కు అడ్డంగా ఉండాలి. తర్వాతి పది స్వీప్, ముందు కాలు బంతి లైన్‌కు బయట. ఆఖరి పది క్రీజు వదిలి ముందుకు. ఈ వరస తిరగేస్తే పిల్లలు ముందుకు దూకడమే నేర్చుకుంటారు, ఆపడం రాదు.

రఫ్ ఒక్కటే కాదు, పిచ్ మొత్తం తిరిగేటప్పుడు ఎలా ఆడాలో చూపించాలంటే గవాస్కర్ ఆఖరి టెస్టు, 1987 బెంగళూరు. పాకిస్థాన్ మొదటి ఇన్నింగ్స్ 116, మనది 145. లక్ష్యం 221 అయితే గవాస్కర్ 264 బంతుల్లో 96, జట్టు 204కి ఆలౌట్, 16 పరుగుల ఓటమి. ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్ మ్యాచ్‌లో తొమ్మిదేసి వికెట్లు తీశారు. బ్యాట్‌ను ప్యాడ్‌కు ముందు వదులు చేతులతో ఉంచి, బంతిని కాళ్ల దగ్గరే చనిపోయేలా ఆడటం చూడండి. గట్టిగా పట్టుకుని ముందుకు నెట్టే ప్రతివాడూ సిల్లీ పాయింట్‌కో షార్ట్ లెగ్‌కో దొరికిపోతాడు. పాకిస్థాన్ మీదే 1999 చెన్నైలో సచిన్ 136 కూడా ఈ కోవలోదే. 271 లక్ష్యం, 82/5 నుంచి మోంగియాతో 136 పరుగుల భాగస్వామ్యం. ఇంకా 17 కావాల్సి ఉండగా 254 దగ్గర సచిన్ అవుట్, మిగతా ముగ్గురూ నాలుగు పరుగులకే. అక్కడ మీ మూడు గడుల బోర్డు పెట్టి, ఆ 17 ఎలా తీయాలో పిల్లల్ని అడగండి. చాలామంది సిక్సర్ అంటారు.

తోకలో ఒకడు

డ్రాల్లో రెండు. 2021 సిడ్నీ అందరికీ తెలిసిందే, లక్ష్యం 407, 131 ఓవర్లు ఆడి 334/5. తెలుగువాడు హనుమ విహారి 161 బంతుల్లో 23 నాటౌట్, అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. విహారికి తొడ కండరం పట్టేసింది, సింగిల్స్ తీయడం కుదరదు. అలాంటప్పుడు ఒక్కొక్కరూ ఒకే బౌలర్‌ను ఓవర్లకొద్దీ ఎదుర్కోవాలి. అయితే ఆ డ్రాకు పునాది అంతకుముందే పడింది. పంత్‌ను విహారి కంటే ముందు ఐదో స్థానంలో పంపారు, 118 బంతుల్లో 97 కొట్టాడు. దాంతో ఆస్ట్రేలియా ఫీల్డింగ్ కొంతసేపు చెదిరిపోయింది. డ్రా కోసం పొద్దుటినుంచీ బ్లాక్ చేయడం మొదలుపెడితే బ్యాటర్ చుట్టూ ఆరుగురు చేరతారు, ఏదో ఒకటి ఎడ్జ్ తీసుకుంటుంది.

రెండోది 2025 మాంచెస్టర్. 311 వెనకబడి, మొదటి ఓవర్లోనే 0/2. అక్కడినుంచి 143 ఓవర్లలో 425/4. రాహుల్ 90, గిల్ 103, ఆ తర్వాత 222/4 దగ్గర కలిసిన సుందర్, జడేజా ఇద్దరూ సెంచరీలతో నాటౌట్, 203 అజేయం. పాదం విరిగిన పంత్ ఆ ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కు రాలేదు. సుందర్‌ను ఐదులో పంపడం చూడండి. ఇంగ్లాండ్ ప్రధాన స్పిన్నర్ డాసన్ ఎడమచేతి వాటం. ఎడమచేతి బ్యాటర్లకు అతని బంతి లోపలికి తిరుగుతుంది, బయటి ఎడ్జ్ భయం తక్కువ. ఆఫ్‌స్టంప్ బయట రఫ్ నుంచి లోపలికి దూసుకొచ్చే బంతిని ప్యాడ్‌కు దగ్గరగా ఆడితే చాలు.

టెయిలెండర్లకు ఆస్ట్రేలియా మీద 2010 మొహాలీ. లక్ష్యం 216, 124/8. నడుం నొప్పితో రన్నర్‌ను పెట్టుకుని లక్ష్మణ్ 79 బంతుల్లో 73 నాటౌట్. ఇషాంత్ 31 కొట్టాడు, ఎన్ని బంతులకో తెలుసా? 92. లక్ష్మణ్ కంటే ఎక్కువ. టెయిలెండర్ వస్తే స్ట్రైక్ మొత్తం మనమే దాచుకోవాలని పిల్లలకు ఎవరో నూరిపోసి ఉంటారు. ఇషాంత్ డిఫెన్స్ గట్టిగా ఉందని తేలాక లక్ష్మణ్ మొదటి బంతికే సింగిల్ తీయడానికి వెనకాడలేదు. 81 పరుగుల భాగస్వామ్యం అలా వచ్చింది. 205 దగ్గర ఇషాంత్ అవుటైనప్పుడు ఇంకా 11 కావాలి, ఓఝాతో అవి తీసేశారు.

మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ 2024 సెంచరీ కూడా ఇందులో కలపండి. 191/6 దగ్గర ఎనిమిదో స్థానంలో వచ్చి 114. ఫాలోఆన్ తప్పాలంటే 275 కావాలి, 221/7 నుంచి సుందర్‌తో 127. సుందర్ 162 బంతుల్లో 50, ఒక్కటంటే ఒక్కటే ఫోర్. మ్యాచ్ పోయింది, 184 పరుగులతో ఓడాం. కానీ ఎనిమిదో వికెట్ జోడీలో ఇద్దరూ పూర్తి బ్యాటర్లలా ఆడితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

స్కోర్‌బుక్

ఒక్క మాట. నెట్‌బౌలర్ గారూ, 319 వద్దన్నారు, సరే. సెహ్వాగ్‌ను మొత్తానికి తీసేయకండి. శ్రీలంక మీద 2008 గాలె పెట్టండి. అంతకుముందు టెస్టులో అజంతా మెండిస్ ఎనిమిది వికెట్లు తీస్తే ఇన్నింగ్స్ 239 పరుగులతో ఓడాం. గాలెలో జట్టు స్కోరు 329, సెహ్వాగ్ 231 బంతుల్లో 201 నాటౌట్, ఓపెనర్‌గా వెళ్లి చివరిదాకా ఉన్నాడు. గంభీర్ 56, లక్ష్మణ్ 39. మిగతా ఎనిమిది మందీ, ఎక్స్‌ట్రాలూ అన్నీ కలిపినా 33. ఒకే పిచ్, అదే మెండిస్, అదే మురళి. మ్యాచ్ 170 పరుగులతో గెలిచాం. స్కోరుకార్డులో సెహ్వాగ్ పేరు కాగితంతో మూసేసి, మిగతాది చదివించి, ఈ పిచ్ మీద మొదటి ఇన్నింగ్స్‌లో ఎంత వస్తే గొప్ప అని అడగండి. నూట యాభై అంటారు. అప్పుడు కాగితం తీయండి.